90 రోజుల నోటీసు పెట్టింది మేమా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన సోమవారం మీ సిటీ పేజీలో వచ్చిన 'ఆఫర్ తీసుకుని హ్యాండిస్తున్నారు' వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాయాల్సింది, ఆఫీసులో రిలీజ్ (కొత్త వెర్షన్ విడుదల) ఉండి కుదరలేదు. కోపం తగ్గాక రాయమని మా ఆవిడ కూడా అంది. వారం ఆగాను, తగ్గలేదు.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఒకేసారి నాలుగేసి ఆఫర్ లెటర్లు దగ్గర పెట్టుకుని, చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తడం లేదని రాశారు. ముగ్గురు హెచ్‌ఆర్ మేనేజర్లు వరసబెట్టి 'విలువలు లేవు', 'కమిట్‌మెంట్ లేదు' అని వాపోయారు. అరపేజీ వార్తలో ఉద్యోగం వెతుక్కునేవాడి మాట ఒక్కటి లేదు. మీ విలేకరి నానక్‌రామ్‌గూడలో ఏ టీ కొట్టు దగ్గర అయిదు నిమిషాలు నిలబడినా పదిమంది దొరికేవారు.

నేను 2014లో అమీర్‌పేటలో కోర్ జావా అనే ప్రోగ్రామింగ్ కోర్సు నేర్చుకుని ఈ లైన్లోకి వచ్చినవాణ్ణి. నాలుగు కంపెనీలు మారాను. ఇప్పుడు అటువైపు కూర్చుని ఇంటర్వ్యూలు కూడా చేస్తున్నాను. దాచడమెందుకు, 2021లో నేనూ ఒక కంపెనీకి ఒప్పుకుని చేరలేదు. ఆ హెచ్‌ఆర్ అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. తప్పే. కానీ ఈ తప్పుకి మూలం ఎక్కడుందో మీ వార్తలో ఒక్క ముక్క లేదు. అది నోటీస్ పీరియడ్.

మాలో చాలామందికి రాజీనామా చేశాక 90 రోజులు పనిచేయాలని రూలు. ఆ రూలు ఉండే అపాయింట్‌మెంట్ లెటర్లోనే మరో పేజీలో, కంపెనీ మమ్మల్ని పంపించాలంటే జీతం లెక్కకట్టి ఆ సాయంత్రమే పంపించవచ్చని ఉంటుంది. ఇక కొత్త చోటి నుంచి రిక్రూటర్ ఫోన్ చేస్తే ముందు అడిగేవి మూడే: ఇప్పుడు సీటీసీ (ఏడాదికి మొత్తం ప్యాకేజీ) ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ ఎన్ని రోజులు. '90' అని నోట్లోంచి వచ్చీ రాగానే 'మళ్లీ చేస్తాం సార్' అని పెట్టేస్తారు. వాళ్లకి పదిహేను రోజుల్లో చేరే మనిషి కావాలి. వాళ్ల దగ్గరున్న మనిషి మాత్రం మూడు నెలలు కదలకూడదు. రెండు రూళ్లూ రాసేది ఒకే హెచ్‌ఆర్!

అందుకని ఏం చేస్తారు? చేతిలో ఏమీ లేకుండానే రాజీనామా కొడతారు. ఉద్యోగాల వెబ్‌సైట్ నౌకరీలో తమ ప్రొఫైల్‌ని 'సర్వింగ్ నోటీస్, లాస్ట్ వర్కింగ్ డే ఫలానా' అని మార్చగానే ఫోన్లు మొదలు. మొదటి నెలలో ఒక ఆఫర్ వస్తుంది, దాన్ని చూపిస్తే రెండో నెలలో ఇంకో రెండు లక్షలు ఎక్కువ ఇచ్చేవాడు వస్తాడు. పెళ్లికి మూడు నెలలు గడువు పెట్టి, ఆ మూడు నెలలూ పెళ్లికొడుకు ఇంటికి రోజుకో కొత్త సంబంధం పంపిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

కంపెనీలు ఎగ్గొట్టినప్పుడు మాత్రం అరపేజీ వార్తలు రావు. 2023లో నా వంతు వచ్చింది. చేరడానికి ఆరు రోజుల ముందు, 'వ్యాపార కారణాల వల్ల' ఆఫర్ ఉపసంహరించుకుంటున్నామని నాలుగు లైన్ల మెయిల్. అప్పటికే పాత ఆఫీసులో ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించేశాను. ఇంట్లో మా అత్తమామలు ఉన్నారు, వాళ్లకి చెప్పడానికి నోరు రాలేదు. పదకొండు రోజులు పొద్దున్నే టిఫిన్ బాక్సు సర్దుకుని, బ్యాగు తగిలించుకుని, జేఎన్‌టీయూ స్టేషన్లో మెట్రో ఎక్కేవాణ్ణి. రాయదుర్గం వైపు మారాల్సినవాణ్ణి అమీర్‌పేటలోనే దిగి, మైత్రీవనం వెనక ఒక స్టడీ హాల్లో కూర్చునేవాణ్ణి. చుట్టూ ఫ్రెషర్లు. ఒక కుర్రాడు 'అన్నా, మీరు కూడా జావానేనా' అని అడిగాడు. ఔనన్నాను.

ఇక ఇంటర్వ్యూల తంతు. అయిదు రౌండ్లు, అందులో ఒకటి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి. అడిగేవాడి కెమెరా ఆఫ్, ఏదో నములుతున్న చప్పుడు మాత్రం వినపడుతుంది. మనం మాత్రం రెండు చేతులూ కెమెరాకి కనపడేలా పెట్టాలి. ఈ మధ్య ఒకాయన ఏఐ వాడుతున్నానేమోనని కళ్లు మూసుకుని జవాబు చెప్పమన్నాడు. వాళ్ల అనుమానం ఊరికే రాలేదని నాకూ తెలుసు. డబ్బిచ్చి ఇంకొకరి చేత మాట్లాడించేవాళ్లున్నారు, నేనే ఒకణ్ణి పట్టుకున్నాను, పెదాలు ఆగిపోయాక కూడా జవాబు వస్తూనే ఉంది. అలాంటివాడు ఒకడుంటే మిగతా వందమందిని దొంగల్లా కూర్చోబెట్టాలా?

ఇంత చేసి ఇచ్చే ప్యాకేజీ కూడా పేరుకే. 12 లక్షలంటారు, అందులో కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ కూడా మన ప్యాకేజీలోనే కలిపేస్తారు, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) ఇస్తే ఇచ్చినట్టు, బేసిక్ మీద 4.81 శాతం గ్రాట్యుటీ కూడా మన లెక్కలోనే. పర్మనెంటు ఉద్యోగికి అది చేతికి రావాలంటే అయిదేళ్లు ఉండాలి. ఈ లైన్లో అయిదేళ్లు ఒకే చోట ఎంతమంది ఉంటారు?

కొత్త లేబర్ కోడ్‌లు (కేంద్ర కార్మిక చట్టాలు) 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. రాజీనామా చేసినవాడికి రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలని వాటిలో ఉంది. మా ఆఫీసులో ఫుల్ అండ్ ఫైనల్‌కి, అంటే మానేసినవాడి లెక్క తేల్చడానికి, ఇప్పటికీ 45 రోజులంటున్నారు. దీని సంగతి కనుక్కుందామని సెలవు పెట్టి ఒక ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టాక గుమస్తా నవ్వి, 'సాఫ్ట్‌వేర్ వాళ్లకి కూడా కష్టాలా సార్, ఏసీలో కూర్చుంటారుగా' అన్నాడు. కాగితం తీసుకోలేదు. దావోస్ పెట్టుబడుల సదస్సు నుంచి దిగినప్పుడల్లా ఇన్ని వేల ఉద్యోగాలు తెచ్చామని మన రెండు రాష్ట్రాల నాయకులూ చెబుతారు. తెచ్చిన ఉద్యోగంలో మనిషి ఎలా ఉన్నాడు, ఎలా బయటపడుతున్నాడు అని ఒక్కరైనా అడిగారా?

ఫ్రెషర్ల గతి ఇంకా అన్యాయం. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న బాండు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. బ్యాంకు దేశమంతా ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి తీసుకుంటుంది, దాని ఖర్చు దానికుంటుంది. ఇప్పుడు మాదాపూర్లో ఒక ఫ్లోరు అద్దెకి తీసుకున్న కన్సల్టెన్సీ కూడా ఆ తీర్పు చూపించి బాండు రాయించుకుంటోంది, పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటోంది. మా పెద్దమ్మ మనవడి బీటెక్ మెమోలు అలాగే ఏడు నెలలుగా వాళ్ల బీరువాలో ఉన్నాయి.

విలువల గురించి రాశారు కాబట్టి ఇంకో మాట. ఆ సోమవారం మీ క్లాసిఫైడ్స్‌లో '100 శాతం జాబ్ గ్యారంటీ' ప్రకటనలు మూడున్నాయి, లెక్కపెట్టాను. ఒకదాంట్లో 'అనుభవం మేమే చూపిస్తాం' అని కూడా ఉంది.

నోటీసు రెండువైపులా 30 రోజులే ఉండాలని ప్రభుత్వం ఒక నిబంధన తెస్తే మీ వార్తలో హెచ్‌ఆర్‌ల ఏడుపు సగం తగ్గుతుంది. ఈసారి మీ విలేకరి ఆ ముగ్గురు మేనేజర్లనీ, మీ కంపెనీలో నోటీస్ ఎన్ని రోజులని అడిగి, ఆ అంకె కూడా అచ్చు వేస్తే బాగుంటుంది.

నా పేరు వేయవద్దని మనవి. నేనిప్పుడు నోటీసులో 41వ రోజు మీద ఉన్నాను. పోయేవాడే కదా అని రిలీజ్ పనంతా నా మీదే వేశారు. ఒక ఆఫర్‌కి ఒప్పుకున్నాను. నిన్న సాయంత్రం ఇంకొకరు ఫోన్ చేశారు.

- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నిజాంపేట, హైదరాబాద్