పెళ్లి వేళలు కాలాన్ని బట్టి మారాలి

సంపాదకులకు,

ఎండలు ముదిరితే బడుల వేళలు మారుస్తాం. ఆరుబయట పనులు పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపేస్తాం. వందల మంది చేరే పెళ్లికి మాత్రం ఈ ఆలోచన చేయం. ఏ కాలమైనా హాలు ఒప్పందంలో రాసిన గంటలదే పెత్తనం.

ఒక వేసవి పెళ్లిలో మిట్టమధ్యాహ్నం ఫొటోల కోసం బంధువులను ఆరుబయట నిలబెట్టారు. ఇనుప కుర్చీ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోంది. తువ్వాలు మడిచి వేసి ఓ పెద్దావిడను దానిమీద కూర్చోబెట్టారు. పక్కనే కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డ వడ్డన కుర్రాడిని నీడకు రమ్మన్నవాళ్లే లేరు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు ముందు సొమ్మసిల్లుతారు. వేసవిలో తంతు ఎండెక్కకముందే ముగియాలి, లేదా పొద్దు వాలాక మొదలవ్వాలి.

భోజనాల సంగతి ఇంకా ముఖ్యం. వండిన పదార్థాలు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అలా 2 గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే గడువు. తంతు ఆలస్యమై వంటకాలు బల్లల మీద గంటన్నర ఉండిపోతే, వేసవిలో అతిథులు ఆసుపత్రి పాలు కావచ్చు. అందుకే వేడివేడిగా విడతలవారీగా తేవాలి.

వానాకాలంలో వెసులుబాటు ఉండాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రాకూడదు. టెంటు పిడుగును ఆపదు. ఆ అరగంటకు కార్యక్రమంలో చోటు లేకపోతే జనాన్ని తొందరపెట్టి వానలోకే తోలుతారు.

చలికాలంలో పగలు తక్కువ. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అంటే మధ్య ఐరోపా లాంటి ప్రాంతాల్లో, జూన్‌లో 16 గంటలుండే పగలు డిసెంబర్‌లో 8 గంటలే. అలాంటిచోట్ల ఫొటోలు తంతుకు ముందే కానివ్వడం మేలు. చలి అని మూసిన టెంటులో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

హాళ్లకు అనుమతులిచ్చే అధికారులు ఒక నిబంధన తేవాలి. వడగాలి, తుపాను హెచ్చరికలు వెలువడితే అదనపు రుసుము లేకుండా వేళ మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉండాలి. వంటవాళ్లకు, వడ్డనవాళ్లకు నీడ, నీళ్లు, విరామం ఇవ్వాలని కూడా అందులోనే రాయాలి.

– ఒక పాఠకురాలు