ఫ్లాంజి ఒకటే, డ్రాయింగులు రెండు

ఎడిటర్ గారికి నమస్కారం,

జెనీవా దగ్గర సెర్న్ (యూరప్ దేశాల అణు పరిశోధన సంస్థ) వాళ్ళు కట్టాలనుకుంటున్న కొత్త కొలైడర్, అంటే అణువుకన్నా చిన్న రేణువుల్ని ఢీకొట్టించే యంత్రం, దాని గురించి ఈమధ్య అందరూ రాస్తున్నారు, 91 కిలోమీటర్ల సొరంగం, సగటున 200 మీటర్ల లోతు, మొదటి దశకే 15 బిలియన్ల స్విస్ ఫ్రాంకులు. మరి అందులో మన దేశం ఏం చేస్తోంది అనేది మాత్రం ఎవరూ రాయట్లేదు. నేను సైంటిస్టును కానండి, బాలానగర్లో రెండు లేత్‌లు, ఒక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) పెట్టుకుని జాబ్‌వర్క్ చేసుకునేవాణ్ణి.

కొన్నేళ్ళ కింద ఒక గవర్నమెంటు ల్యాబ్ నుంచి వాక్యూమ్ ఫ్లాంజిల ఆర్డర్ వచ్చింది, అంటే గాలి తీసేసిన పైపుల్ని ఒకదానికొకటి బిగించే చక్రాలు. దాని లోపల కత్తి అంచులాంటి రింగు ఉంటది, అది రాగి గాస్కెట్లోకి దిగబడితేనే సీల్ అవుద్ది, ఆ అంచు మీద కంటికి ఆననంత గీత పడ్డా హీలియం లీక్ టెస్టులో పీసు పోయినట్టే. బోలెడు పీసులు స్క్రాప్‌కి పోయాక గానీ చేయి కుదర్లేదు. తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో ల్యాబ్ టెండర్, దాదాపు అదే ఫ్లాంజి, కానీ డ్రాయింగు వేరు, స్టీలు గ్రేడు వేరు, పాత టెస్టు రిపోర్టు చెల్లదన్నారు, పీసుని మెషీన్ మీద పట్టి ఉంచే ఫిక్స్చర్ మళ్ళీ మొదట్నించీ. రెండు చోట్లా యాక్సిలరేటర్ (రేణువుల్ని వేగంగా తోసే యంత్రం) పనే, ఒకళ్ళకొకళ్ళు ఫోన్ చేసుకుంటే తీరిపోయేది.

చేతకాక కాదండి. సెర్న్‌లో ఇప్పుడున్న కొలైడర్ ఎల్‌హెచ్‌సీ, దాని 27 కిలోమీటర్ల సొరంగంలో ఒక్కోటి 30 టన్నులు దాటే మాగ్నెట్లు నిలబడ్డ జాకీలు మనవే, సుమారు 7,000, ఇండోర్‌లోని అణుశక్తి విభాగం ల్యాబ్ ఆర్‌ఆర్‌క్యాట్ పెద్దరికంలో ఇక్కడి ఫ్యాక్టరీల్లో తయారైనవి. అంత బరువుని మైక్రాన్ల లెక్కన జరపాలి మరి, మామూలు లారీ జాకీ కాదు. నాకు అర్థమైనంతవరకు అక్కడ పని కుదిరింది ఎందుకంటే డ్రాయింగు ఒకటే, జవాబు చెప్పే మనిషి ఒకడే.

రాబోయే మెషీన్లో ఎలక్ట్రాన్లని తోసేది నయోబియం అనే లోహంతో చేసే కేవిటీలు, అంటే లోపల బోలుగా ఉండే గదుల్లాంటివి. నయోబియం తీసే ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధన ఫ్యాక్టరీ) హైదరాబాద్‌లోనే ఉంది, పక్కనే ఈసీఐఎల్, అమెరికా ఫెర్మీల్యాబ్ వాళ్ళ కొత్త యాక్సిలరేటర్ పిప్-2 ప్రాజెక్టుకి ముంబై బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) డిజైన్ చేసిన ఆర్‌ఎఫ్ యాంప్లిఫయర్లు, అంటే కేవిటీలకి రేడియో తరంగాల శక్తిని అందించేవి, అక్కడే తయారయ్యాయి. ఇన్ని పెట్టుకుని తలో దారి పోతే ఎట్లా? అమెరికా వాళ్ళ సలహా కమిటీ పీ5 2023లోనే రిపోర్టులో బయటి దేశంలో కట్టే హిగ్స్ ఫ్యాక్టరీలో (హిగ్స్ అనే రేణువుల్ని బోలెడన్ని పుట్టించే ఇలాంటి కొలైడర్‌లో) మేమూ చేరాలి అని రాసుకుంది, యూరప్ దేశాలు 2025లో ముందు ఏం కట్టాలో దేశానికో మాటగా సెర్న్‌కి రాసిచ్చాయి. మనం 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ మెంబర్లం, అక్కడి టెండర్లు మన కంపెనీలు కూడా వేసుకోవచ్చు, ఆ సంగతి మా ఏరియాలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

అణుశక్తి విభాగం, డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ), యూనివర్సిటీలు కలిసి ఒక్క చోట కూర్చోవాలి, మనం ఏ పార్టు పట్టుకుంటామో ఇప్పుడే తేల్చుకోవాలి, అన్ని ల్యాబులకీ కామన్ డ్రాయింగులు, ఒకసారి పాసైన షాపుని అందరూ ఒప్పుకునే పద్ధతి పెట్టాలి. కొత్త మెషీన్ నడిచేది 2040ల మధ్య దాటాకే కదా అనకండి, ఈ పని తెలిసిన మా ఫిట్టర్‌కి ఇప్పటికే అరవై దాటాయి, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా.

ఆ రెండు ఫిక్స్చర్లూ మా షాపు ర్యాక్ మీద పక్కపక్కనే ఉన్నాయి. ఢిల్లీ నుంచి ఎవరైనా వచ్చి చూస్తానంటే చాయ్ నేనే పోయిస్తా.

ఇట్లు,
ఒక మెషీన్ షాపు ఓనర్,
బాలానగర్, హైదరాబాద్