చేతికి తగిలిన రోజు నుంచి సూది పడిన రోజు దాకా

ఏమే, బాగున్నావా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "పోస్టర్లు అంటించాను, డ్వాక్రా మీటింగుల్లో గొంతు పోయేలా చెప్పాను, అయినా రొమ్ములో గడ్డ నిమ్మకాయంత అయ్యాకే మా సబ్‌సెంటర్‌కి వస్తున్నారు, ఎందుకే?" అని అడిగావు. ఈసారి ఊసులు పక్కనపెట్టి దీని మీదే రాస్తాను. పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చో.

వాళ్లకి తెలియక రావడం లేదని మనం అనుకుంటాం. అది సగమే నిజం. ఒంటికి సబ్బు రాసుకునేటప్పుడు వేళ్ల కింద గట్టిగా ఏదో తగిలిన రోజే చాలామందికి తేడా అనిపిస్తుంది. మర్నాడు మళ్లీ తడుముకుంటారు. ఉంది. వారం తర్వాత మళ్లీ చూస్తారు. ఉంది, కానీ నొప్పి లేదు. అక్కడే ఆగిపోతుంది కథ. మన ఇళ్లల్లో నొప్పి పెడితేనే జబ్బు, పనికి అడ్డమొస్తేనే ఆస్పత్రి. పన్ను సలిపితే వెళ్తారు, నడుం పట్టేస్తే వెళ్తారు. ఈ గడ్డ వడ్లు ఎత్తనిస్తుంది, నీళ్లు మొయ్యనిస్తుంది, నిద్ర పట్టనిస్తుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు మరి! నెలసరికి ముందు బరువెక్కి సలిపి, తర్వాత తగ్గిపోయేవి ఎక్కువగా ప్రమాదం లేనివే. అందుకే నీ పోస్టర్ మీద మొదటి వాక్యం మార్చు. "గడ్డ ఉంటే రండి" కాదు, "నొప్పి లేని గడ్డ ఉంటే ముందు రండి" అని రాయి.

ఆ తర్వాత అడ్డం పడేది క్యాలెండర్. పంట చేతికొచ్చాక, పిల్లాడి పరీక్షలయ్యాక, సంక్రాంతికి కూతురూ అల్లుడూ వచ్చి వెళ్లాక... ఇంట్లో ఆవిడ ఒంటి కంటే ముందుండే పని ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఇది బద్ధకం అనకే. కూలికి వెళ్లే మనిషికి పట్నం ఆస్పత్రంటే ఒక రోజు కూలి పోతుంది. తోడొచ్చిన వాళ్ల కూలీ పోతుంది. పైగా బస్సు ఛార్జీలు. ఒక్కసారితో పనైపోతుందా అంటే అదీ లేదు. చూపించుకోడానికోసారి, స్కానింగుకోసారి, రిపోర్టుకోసారి. మూడుసార్లు తిరిగాక నాలుగోసారి వెళ్లదు. డబ్బుల లెక్క కూడా చెప్పు. జబ్బు తేలాక ఆపరేషన్‌కీ, కీమోకీ ఆరోగ్యశ్రీ ఉంది (ఆంధ్రలో పేరు మారినా జనం నోట ఇప్పటికీ అదే). కానీ జబ్బు తేలేదాకా బయట చేయించే పరీక్షల ఖర్చు చాలాసార్లు చేతి నుంచే పడుతుంది. ఆ మొదటి కొన్ని వేల దగ్గరే ఆగిపోతారు. ప్రభుత్వ పెద్దాస్పత్రిలో ఏ పరీక్ష ఉచితంగా అవుతుందో, ఏ వారం ఏ ఓపీ ఉంటుందో ముందే కనుక్కుని చేతిలో పెడితే, నువ్విచ్చే పది ఉపన్యాసాల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఆలస్యం అంటే ఎన్నాళ్లు అని అడుగుతారు నిన్ను. మొదటి లక్షణం కనపడిన దగ్గర్నుంచి 3 నెలలు దాటితే ఆలస్యం కింద లెక్క. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 87 అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం వచ్చింది. 3 నెలలు, ఆ పైన ఆగినవాళ్లలో అయిదేళ్లు బతికినవాళ్ల శాతం, తొందరగా వచ్చినవాళ్ల కంటే 12 తక్కువ. మన దేశంలో 2022లో ఒక్క ఏడాదికే సుమారు 1,92,000 మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చిందని, సుమారు 98,000 మంది దీంతో పోయారని అంతర్జాతీయ అంచనా. అయితే మీటింగులో ఈ అంకెలు చెప్పకు, భయపెడతాయి అంతే. పండ్లతో చెప్పు. 2 సెంటీమీటర్లంటే రేగిపండు. ఆ సైజులో, చంకలో బిళ్ళలు లేకుండా వస్తే చాలామందికి రొమ్ము తీసేయక్కర్లేదు. గడ్డ వరకు తీసి, మూడు వారాలో అయిదు వారాలో కరెంటు (రేడియేషన్) పెడతారు. అదే 5 సెంటీమీటర్లు దాటినా, పైచర్మం పట్టినా ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత కరెంటు. దాదాపు ఏడాది పట్టొచ్చు. "ఆస్పత్రికి వెళ్తే రొమ్ము కోసేస్తారు" అని ఆగిపోయే మనిషికి ఇది చెప్పాలే. ఆగితేనే కోయాల్సి వస్తుంది.

ఇక సిగ్గు సంగతి. నిజానికి సిగ్గు కంటే అడిగే తీరే ఎక్కువ చెడగొడుతోంది. 30 దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త ఇంటికెళ్లి జబ్బుల లక్షణాలు అడిగే సీబ్యాక్ ఫారం నింపుతుంది కదా. రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా, ఆకారం మారిందా అన్న ప్రశ్నలు అందులోనే ఉన్నాయి. మరి వాటిని ఎక్కడ అడుగుతున్నారు? అరుగు మీద. పక్కన అత్తగారు బియ్యం ఏరుతుంటుంది, మరిది ఫోను చూస్తుంటాడు. ఇంకేం చెబుతుంది? "ఏం లేదండీ" అంటుంది. ఫారంలో 'లేదు' దగ్గర టిక్కు పడుతుంది. ఆ టిక్కు తర్వాత ఆమెను ఇంకెవరూ అడగరు. కాబట్టి "మంచినీళ్లివ్వమ్మా" అని వంటింట్లోకి వెళ్లి అడగమని మీ ఆశాకి చెప్పు. ప్రశ్న కూడా మార్చమను. "క్యాన్సర్ లక్షణాలున్నాయా" అంటే ఎవరూ అవుననరు. "స్నానం చేసేటప్పుడు చేతికి ఏమైనా తగులుతోందా? జాకెట్టు ఒకవైపు బిగుతయిందా? లోపలి బట్టకి మరక అంటుతోందా?" అంటే చెబుతారు. రొమ్ము అన్న మాట నువ్వే ముందు పలుకు. వాళ్లు "ఛాతీలో ఏదోలా ఉంది" అంటారు. ఆ మాట పట్టుకుని గుండె పరీక్షకి పంపేసే డాక్టరూ ఉండొచ్చు.

గడ్డ లేకపోయినా చూడాల్సినవి కొన్నున్నాయి, అవి చాలామందికి తెలియవు. బయటికుండే మొన కొత్తగా లోపలికి పోవడం. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడటం. పిండకుండానే ఒకవైపు మొన నుంచి నెత్తురు కలిసిన నీరు రావడం. మొన మీద గజ్జిలాంటిది, మందు రాసినా మానకపోవడం. చంకలో బిళ్ళ. పాలిచ్చే తల్లుల విషయంలో ఇంకా జాగ్రత్త. గట్టిపడితే "పాలు గడ్డకట్టాయి" అని కాపడం పెడతారు, చాలాసార్లు అది నిజం కూడా. కానీ యాంటీబయాటిక్ కోర్సు పూర్తయినా ఎరుపు, గట్టిదనం పోలేదంటే మరో కోర్సు రాయించుకోకూడదు. అల్ట్రాసౌండు, అవసరమైతే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి.

భయాల్లో పెద్దది "కత్తి పెడితే పాకుతుంది". పాతకాలం వాళ్లు రాచపుండు అనేవారు చూడు, ఆ మాటలోనే ముట్టుకోవద్దనే భయం ఉంది. ఇది గాల్లోంచి పుట్టింది కాదే. బాగా ముదిరాక వెళ్లినావిడ ఆపరేషన్ చేయించుకుంది, ఏడాదికి పోయింది. ఊరు చూసింది ఆపరేషన్‌నీ చావునీ. అప్పటికే జబ్బు లివర్‌కో ఎముకలకో చేరిందన్నది ఊరికి కనపడదు. ముక్క తీసే సూదితో జబ్బు ఒళ్లంతా పాకదు. ఆ పరీక్ష ఎలా ఉంటుందో విడమరిచి చెబితే సగం భయం పోతుంది. పడుకోబెడతారు. చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, చీమ కుట్టినట్టు రెండు క్షణాలు మండుతుంది. తర్వాత ఒక లావు సూది, స్టేప్లర్ కొట్టినట్టు 'టక్' మనే చప్పుడు. ఆ చప్పుడికే ఉలిక్కిపడతారు, ముందే చెప్పు. సన్నటి సేమ్యా పోగుల్లాంటి ముక్కలు నాలుగైదు తీస్తారు. పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టి ప్లాస్టర్ వేస్తారు. ఆ రోజే ఇంటికి. నాలుగు రోజులు కమిలినట్టు నల్లగా ఉంటుంది.

ఇంకోటి పైకి చెప్పరు. "నాకుందని తెలిస్తే పిల్లకి సంబంధాలు రావు." వంశపారంపర్యంగా వచ్చేది నూటికి 5 నుంచి 10 మాత్రమే. ఈ మాట భర్తలకీ అత్తలకీ చెప్పు, ఆవిడకి చెప్పి ప్రయోజనం తక్కువ.

ఇప్పటిదాకా రాసింది ఆమె వైపు ఆలస్యం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆమె గడప దాటి వచ్చాక జరిగేది. ఆర్‌ఎంపీ "వేడి గడ్డ" అని పది రోజులు గోలీలిస్తాడు. నాటు వైద్యుడు పసరు కట్టు కడతాడు, చర్మం పుండు పడి అసలు గడ్డని కప్పేస్తుంది. 35 ఏళ్ల మనిషిని "ఈ వయసులో రాదులే" అని పంపేస్తారు. మన దేశంలో నలభైల్లో వచ్చేవాళ్లు బోలెడు మంది, ముప్ఫైల్లోనూ ఉన్నారు. సన్న సూదితో నీరు లాగి చూసి "ఏమీ లేదు" అంటే ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతారు. చేతికి గట్టిగా, కదలకుండా తగిలే గడ్డ ఉండగా ఆ రిపోర్టును నమ్మకూడదు. చేత్తో చూడటం, స్కానింగు, ముక్క పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి వేరేగా చెబితే వెతకడం ఆపకూడదు.

అన్నిటికంటే ఘోరం, చిన్న నర్సింగ్‌హోముల్లో గడ్డ కోసేసి పరీక్షకి పంపకపోవడం. ఆర్నెల్లకి మళ్లీ లేస్తుంది, అప్పటికి పాత ముక్క ఎక్కడుంటుంది? ఎవరు గడ్డ తీయించుకొచ్చినా "ముక్క రిపోర్టేదమ్మా?" అని అడుగు. పంపేటప్పుడు కూడా ముక్క కుళ్లకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రవాన్ని ముక్కకి పది రెట్లు పోసి, అందులో వెయ్యాలి. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేస్తే పాడవుతుంది. ఏ రకం మందుకి గడ్డ లొంగుతుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు సరిగ్గా రావు, మందు ఎంచుకోవడం కష్టమవుతుంది.

నీ చేతి మీద నీకు నమ్మకం లేదని రాశావు. ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్లపాటు లక్షన్నర మంది ఆడవాళ్లను గమనించారు. సగం మందికి రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. 2021లో ఫలితాలొచ్చాయి. 50 దాటినవాళ్లలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో ఆ తేడా కనిపించలేదు, అదీ గుర్తుంచుకో. నువ్వు చూసేటప్పుడు తొందరపడకు. ముందు కూర్చోబెట్టి చేతులు కిందకి, తర్వాత పైకి, తర్వాత నడుం మీద గట్టిగా నొక్కమను. ఆ మూడోదాంట్లో లోపలికి లాగే సొట్ట బయటపడుతుంది. తర్వాత పడుకోబెట్టి మూడు వేళ్ల మెత్తటి భాగంతో పైపైన, కాస్త గట్టిగా, లోతుగా, కంఠం ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా చూడు. చంక మర్చిపోకు. నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదో రోజు లోపు రమ్మను, ముందైతే అన్నీ గడ్డల్లాగే తగులుతాయి.

అనుమానం వస్తే "ఎప్పుడైనా వెళ్లమ్మా" అనకు. తేదీ, బస్సు, గది నంబరు రాసి చీటీ ఇవ్వు. తోడెవరో అప్పుడే అడుగు. ఆ తేదీ సాయంత్రం ఫోన్ చెయ్యి. వెళ్లలేదంటే తిట్టకు, అడ్డమేంటో అడిగి ఇంకో తేదీ రాయి. తిడితే ఇక నీ ఎదుటికి రాదు.

అన్నట్టు, మీ సబ్‌సెంటర్ గదికి తలుపు గడియ లేదన్నావు. కిటికీకీ గుమ్మానికీ మందపాటి తెర ఒకటి కుట్టించు, మీ సంఘంలో కుట్టుమిషనున్న వాళ్లు ఉన్నారుగా. ఉంటాను మరి. కుట్టించావో లేదో వెంటనే రాయి.

నీ
స్నేహితురాలు