పాయింట్ 22 పిస్టల్ ఎందుకు మొరాయిస్తుంది?

సంపాదకులకు,

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలో నిలిచాక, గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ పిస్టల్ నుంచి పాయింట్ 22కి (0.22 అంగుళాల తూటా పిస్టల్‌కి) మారాలనుకునే పిల్లలు పెరిగారు. లైసెన్సు సంగతి అటుంచితే, కొనేటప్పుడు చాలామంది బ్రాండు పేరే చూస్తున్నారు. ముందు చూడాల్సింది పిడి చేతికి అమరిందా లేదా అన్నది. ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి పట్టే బలం, కనీసం 1000 గ్రాములుండాలన్నది పోటీ నియమం.

పాయింట్ 22 తూటాలో నిప్పు రాజేసే మందు అడుగు అంచు లోపల పలచగా పరుచుకొని ఉంటుంది. ఒకచోట అది తగ్గి, తూటాను కొట్టే పిన్ అక్కడే తగిలితే పేలదు. అప్పుడు గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. చప్పుడు నీరసంగా వస్తే మాత్రం కాల్చడం ఆపి, తూటాలు తీసేసి గొట్టంలో సీసం ఇరుక్కుందేమో చూడాల్సిందే. ఇందులో మొహమాటం పనికిరాదు.

మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది దాని అంచుకు ముందుండాలి. వెనక పడితే రెండూ చిక్కుకుంటాయి. తూటాలు మార్చి చూడండి. ఒక పిస్టల్‌కు నప్పిన రకం, అదే మోడల్ ఇంకో పిస్టల్‌కు నప్పకపోవచ్చు. పోటీ పిస్టళ్లు ఎక్కువగా స్టాండర్డ్ వేగం తూటాలకే తయారవుతాయి. హైవెలాసిటీ వాడితే అనవసరపు అరుగుదల.

తూటా మైనం, మసి కలిసి చాంబర్‌లో (తూటా కూర్చునే చోట), ఖాళీ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద గట్టిపడతాయి. చిన్న బ్రష్‌తో గీకి, నూనె ఒక చుక్కే వేయాలి. ఎక్కువ పోస్తే మసి మళ్లీ అక్కడే పేరుకుంటుంది.

- ఒక షూటింగ్ శిక్షకుడు, సికింద్రాబాద్