ముక్క పరీక్ష రిపోర్టులో ఆ చివరి లైను

సంపాదకుల వారికి నమస్కారం.

అక్టోబరు నెలలో మన నగరంలో రొమ్ము క్యాన్సర్ గురించి గట్టిగానే మాట్లాడుకుంటున్నాం. చార్మినార్ మీద గులాబీ రంగు దీపాలు వెలిగించిన ఏళ్లున్నాయి. నడకలు, మామోగ్రామ్ క్యాంపులు జరుగుతున్నాయి. అవన్నీ కావలసినవే. గడ్డ తగిలితే దాచుకోవద్దని ఆడవాళ్లకి పదిమందిలో చెప్పగలిగే రోజులు రావడానికే చాలా కాలం పట్టింది. నేను రాస్తున్నది ఆ తర్వాతి మెట్టు గురించి. ముక్క పరీక్ష (బయాప్సీ) అయ్యాక మన చేతికొచ్చే ఆ రెండు పేజీల రిపోర్టు గురించి.

మా తోటికోడలికి నలభై ఆరేళ్లు. ఈ ఏడాది వేసవికి ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. రిపోర్టులో మూడు పేర్లున్నాయి. ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్, హెర్‌2 దగ్గర 2 ప్లస్ (సున్నా నుంచి 3 ప్లస్ దాకా వేసే లెక్కలో). దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను: ఈక్వివోకల్, ఫిష్ పరీక్ష చేయించాలి అని. అంటే అవునో కాదో తేలలేదు, ఇంకో పరీక్షతో తేల్చుకోండి అని అర్థం. ఆ కాగితం బిల్లులు, స్కానింగుల మధ్య ఫైల్లోకి వెళ్లిపోయింది. కీమో మొదలైంది. రెండు సైకిళ్లు అయ్యాయి, జుట్టు ఊడింది. మూడోదానికి ముందు ఇంకొకరికి కూడా చూపిద్దామని వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. చిన్న వయసు అమ్మాయి. ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పి, “ఫిష్ చేయించారా అండీ?” అంది. మా మరిది నా వైపు చూశాడు. చేపలు తినిపించమంటున్నారేమో అనుకున్నాడట. నవ్వే విషయం కాదిది. ఆ మాటకి అర్థమేమిటో అప్పటిదాకా అతనికి ఒక్కరూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన నేను కూడా ఆ ఫైలు ఒక్కసారి ఇవ్వమని అడగలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

ఆ మూడు పేర్లూ ప్రొటీన్లవి. ఈఆర్ ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని, పీఆర్ ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ని అందుకునేవి. కణం పెరగాలా, ఆగాలా అన్నది ఏ ఒక్క ప్రొటీనో తేల్చేది కాదు. ఒకటి వెళ్లి ఇంకొకదాన్ని పట్టుకుంటేనే కబురు కదులుతుంది. హెర్‌2 కణం పొరలో దిగబడి ఉంటుంది, సగం బయటికి, సగం లోపలికి. హెర్‌3 అని దానికో తోబుట్టువు ఉంది. బయటి నుంచి వచ్చే ‘పెరుగు’ అన్న సంకేతాన్ని హెర్‌3 అందుకోగలదు గానీ, దాన్ని లోపలికి నడిపించే బలం దానికి దాదాపు లేదు. హెర్‌2కి ఆ బలం దండిగా ఉంది, కానీ దాని కోసమే వచ్చే సంకేతం ఏదీ లేదు. తిరగలి రాళ్ల లాంటివి ఇవి. విడివిడిగా ఉంటే గింజ నలగదు. రెండూ కూడాయంటే లోపల పీఐ3కే, ఆ తర్వాత ఏకేటీ అనే ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టిలేపుకుంటూ పోతాయి. రెండుగా చీలు, చావకు అన్న ఆజ్ఞ కణమంతా పాకుతుంది.

మామూలు కణంలో హెర్‌2 జన్యువు రెండు కాపీలే ఉంటుంది. కొన్ని గడ్డల్లో అది పెరిగి పెరిగి పదులకి చేరుతుంది. అప్పుడు ఆ ప్రొటీన్ పొర మీద కిక్కిరిసిపోతుంది, బయటి సంకేతంతో పని లేకుండా జోడీలు కట్టేస్తుంది. తిరగలి ఇక ఆగదు. రొమ్ము క్యాన్సర్లలో వందకి 15 నుంచి 20 ఇలాంటివి. ఈ కాపీలు ఎక్కువున్నవాళ్లకి జబ్బు త్వరగా తిరగబెడుతోందని అమెరికాలో డెనిస్ స్లామన్ బృందం 1987లోనే చూపించింది. 1998లో ట్రాస్టుజుమాబ్ వచ్చింది. అది హెర్‌2ని పట్టుకుని నొక్కిపెడుతుంది. 2012లో వచ్చిన పెర్టుజుమాబ్ సరిగ్గా హెర్‌2, హెర్‌3 కలిసే చోటే అడ్డం కూర్చుంటుంది. జోడీ కుదరనివ్వదు. ఇది మొదటిసారి చదివిన రోజు, పిల్లలకి పాఠం చెప్పే రోజుల్లో ఇది తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఈఆర్ ఉండేది కణం లోపల. ఈస్ట్రోజెన్ హార్మోన్ వచ్చి తగలగానే దాని ఆకారం మారి, సహాయక ప్రొటీన్లు పట్టుకోవడానికి చోటు ఏర్పడుతుంది. అవి వచ్చి చేరితే పెరుగుదల జన్యువులు తెరుచుకుంటాయి. టమాక్సిఫెన్ మాత్ర ఈస్ట్రోజెన్ స్థానంలో తాను కూర్చుని ఆ చోటు మూసేస్తుంది. కొన్నేళ్ల పాటు రోజుకో చిన్న మాత్రతో ఎంతోమంది నిలబడుతున్నారంటే, రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని సరిగ్గా రాసి ఉండబట్టే.

పేరుకి అన్నీ రొమ్ము క్యాన్సర్లే. ఎవరి గడ్డని ఏ ప్రొటీన్ల జత నడుపుతోందో తెలియకుండా వైద్యం చేయడం కుదరదు. 2 ప్లస్ వచ్చి పరీక్ష ఆగిపోతే, మందు అవసరమైన మనిషికి మందు అందదు. అవసరం లేని మనిషికి ఇస్తే డబ్బు పోవడమే కాదు, గుండె మీద భారం కూడా.

ఫిష్ అంటే గడ్డ కణాల్లో హెర్‌2 జన్యువు కాపీలని మెరిసే రంగులతో లెక్కపెట్టడం. దానికి బ్లాకులు, అంటే గడ్డ ముక్కల్ని మైనంలో పొదిగి ఉంచిన దిమ్మలు, కావాలి. మొదటి ఆసుపత్రిలో రసీదు లేదని ఒక రోజు, సంబంధించిన మనిషి లేడని ఇంకో రోజు తిప్పారు. చివరికి మా చేతిలో పెట్టింది అగ్గిపెట్టె అంత కూడా లేని రెండు మైనపు దిమ్మలు, పైన పెన్సిల్‌తో నంబరు. మే నెల ఎండ. మైనం కరుగుతుందేమోనన్న భయంతో ఆటో వద్దనుకుని మెట్రో ఎక్కాం. మా మరిది ఎల్బీనగర్ నుంచి పంజాగుట్ట దాకా ఆ కవరుని రెండు చేతుల్తో ఒళ్లో పట్టుకునే కూర్చున్నాడు. ల్యాబులో పది వేలకి పైనే కట్టాం. రిపోర్టుకి పది రోజులు. పాజిటివ్ వచ్చింది.

మొదట ఇచ్చే ‘ఎర్ర మందు’ అనే కీమోతో కలిపి ట్రాస్టుజుమాబ్ ఎలాగూ ఇవ్వరని, కాబట్టి మాకు పెద్దగా నష్టం జరగలేదని ఆ డాక్టరమ్మ చెప్పింది. నాలుగో సైకిల్ తర్వాత మొదలుపెట్టారు. మూడు వారాలకోసారి, ఏడాది పాటు. మధ్య మధ్యలో గుండెకి ఎకో. మేం బయటపడ్డాం, ఎందుకంటే రెండో డాక్టరుకి చూపించే వీలు మాకుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో 1,90,000 మందికి పైగా ఆడవాళ్లలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. వాళ్లలో ఎంతమంది ఫైళ్లలో ఆ చివరి లైను అలాగే పడి ఉందో అన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అందుకే ఆరోగ్య శాఖని ఒకటి అడుగుతున్నాను. హెర్‌2 2 ప్లస్ వస్తే, ఫిష్‌కి పంపే బాధ్యత ఆ ల్యాబుదే కావాలి. బ్లాకు వాళ్ల దగ్గరే ఉంటుంది. రోగి ఇంటివాళ్లు దాన్ని పట్టుకుని ఊరంతా తిరగాల్సిన పని ఏమిటి? ఆ ఖర్చుని మొదటి పరీక్షలోనే కలపాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకి పెంచారు, మంచిదే. ఆ పది లక్షల వైద్యం ఏ దారిన వెళ్లాలో చెప్పేది ఈ పది వేల పరీక్షే. కార్డున్నా లేకున్నా ఇది ఎవరికీ ఆగకూడదు.

ఫార్మలిన్ సంగతి కూడా చెప్పాలి. స్పెసిమెన్లు సీసాల్లో పెట్టిన చేతులివి, దాని సంగతి నాకు తెలుసు. తీసిన ముక్కని గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి, 6 గంటలకి తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. తేడా వస్తే ప్రొటీన్లు దెబ్బతింటాయి, ఉన్నది కూడా లేనట్టు కనబడొచ్చు. శనివారం సాయంత్రం చిన్న నర్సింగ్ హోంలో తీసిన ముక్క సోమవారం దాకా ఎలా ఉందో ఎవరు రాస్తున్నారు? తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము ఫారం మీద తప్పనిసరి చేస్తే సరిపోతుంది. పెన్ను తప్ప ఖర్చేమీ లేదు. ఇప్పుడిది ఇంకా ముఖ్యం. జబ్బు వేరే చోట్లకి పాకినవాళ్లలో హెర్‌2 కొద్దిగా ఉన్నా పనిచేసే ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్‌కి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2024 బడ్జెట్‌లో మన దేశం దాని మీద దిగుమతి సుంకం ఎత్తేసింది. ఇన్నాళ్లూ సున్నా అన్నా 1 ప్లస్ అన్నా ఒకటే అనుకున్నాం. ఇక ఆ తేడా కూడా మందుని నిర్ణయిస్తుంది.

రిపోర్టుతో పాటు తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక పేజీ ఇవ్వాలి. ఆ మూడు ప్రొటీన్లు ఏమిటి, మీకు ఏది వచ్చింది, ఇంకా ఏ పరీక్ష మిగిలి ఉంది అని. కణాల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీ ఉన్న ఊరు మనది. ఓపెన్ డే నాడు నా విద్యార్థుల్ని అక్కడికి తీసుకెళితే, అక్కడి పరిశోధకులు ఇంటర్ పిల్లలకి అర్థమయ్యేలా డీఎన్ఏ గురించి ఓపిగ్గా చెప్పేవారు. ఆ ఓపిక ఈ నగరంలో ఉంది, ఆసుపత్రి కౌంటరు దాకా అది రావాలి.

మీ ఆరోగ్య పేజీలో ఒక వారం ఒక నమూనా రిపోర్టు వేసి, లైను లైనుకీ పక్కన తెలుగులో అర్థం ముద్రించండి. రాసి ఇవ్వడానికి నేను సిద్ధం. తప్పులుంటే దిద్దడానికి ఆ డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

– విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్