తేనె అడుగునే ఉండిపోయింది

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో వేసవి పానీయాల పేజీ వచ్చింది. అందులో తేనెతో కోల్డ్ కాఫీ దగ్గర మా మనవరాలి వేలు ఆగింది. సెలవులకొచ్చిన పిల్ల, పదకొండేళ్లది, అడిగితే కాదనలేం. పైగా మా ఇంట్లో కాఫీ డ్యూటీ నాది. వంటింట్లో మిగతాదంతా మా ఆవిడ రాజ్యం, ఇత్తడి ఫిల్టర్ మాత్రం నా జాగీరు. పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్లు చేసి రిటైరయ్యాక నాకు మిగిలిన అధికారం అదొక్కటే.

మీరు రాసింది రాసినట్టే చేశాను. గ్లాసుడు చల్లటి పాలు, అరకప్పు చల్లారిన డికాషన్, ఆరు ఐసు ముక్కలు, పైన రెండు చెంచాల తేనె. ఆ తర్వాత "బాగా కలపండి" అని ఉంది. కలిపాను. మణికట్టు నొప్పెట్టేదాకా కలిపాను. తేనె తీగలా సాగుతూ దిగింది. ఐసు ముక్కకి తగిలిన చోట బిగుసుకుని ముక్కకే అతుక్కుంది. మిగిలింది గ్లాసు అడుగుకి చేరి బంకలా కూర్చుంది. పిల్ల రెండు గుక్కలు తాగి "తాతయ్యా, చేదు" అని మొహం పెట్టింది. మొహమాటానికి మొత్తం తాగేసి, చివర్లో చెంచాతో అడుగు గీకి నోట్లో పెట్టుకుని, "తీపంతా ఇక్కడ దాక్కుంది" అంది.

వంట కుదరనంత మాత్రాన పత్రికకి ఉత్తరం రాసే మనిషిని కాను. రాయించింది అదే పేజీలో కింద బాక్సులో వేసిన చిట్కా. గ్లాసు నీళ్లలో తేనె చుక్క వేస్తే, కలవకుండా అడుక్కి పోతే స్వచ్ఛమైనదట, కలిసిపోతే కల్తీదట. అయ్యా, పైనేమో చల్లటి కాఫీలో కలపమన్నారు, కిందేమో కలిసేది తేనే కాదన్నారు. మీ కాఫీ కుదిరితే నా తేనె దొంగది, నా తేనె మంచిదైతే మీ కాఫీ కుదరదు. ఏది నమ్మమంటారు?

ఆ చిట్కా సంగతీ తేల్చుకుందామని మా ఆవిడ గులాబ్ జామూన్‌కి పట్టిన పాకం ఒక చెంచా తీసి నీళ్లలో వేశాను. బుద్ధిగా అడుక్కే పోయింది. చిక్కగా, బరువుగా ఉన్నదేదైనా అడుక్కి పోతుంది, అంతే. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు పదమూడు బ్రాండ్ల తేనె పరీక్షించారు. మన దేశంలో చేసే మామూలు పరీక్షల్లో చాలావరకు గట్టెక్కిన బ్రాండ్లు, తేనెలో కలిపిన చక్కెర పాకాన్ని పసిగట్టడానికి జర్మనీ ల్యాబులో చేయించిన ఎన్‌ఎంఆర్ అనే పరీక్షకొచ్చేసరికి చాలావరకు దొరికిపోయాయి. మొత్తం 22 నమూనాల్లో అన్ని పరీక్షలూ దాటినవి అయిదే. ల్యాబుల్నే బోల్తా కొట్టించే పాకాన్ని గ్లాసు నీళ్లు పట్టుకుంటాయా? అలాగే ఫ్రిజ్‌లో పెట్టిన తేనె పూసకడితే పంచదార కలిపారని పారబోసేవాళ్లున్నారు. తేనెలోని గ్లూకోజు గడ్డకట్టడమే అది. సీసాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెడితే మళ్లీ కరుగుతుంది.

ఇక కాఫీ. పిల్ల ముందు ఓడిపోవడం ఇష్టంలేక నాలుగు రోజులు అదే పని మీద ఉన్నాను. మొదటి తప్పు ఎక్కడంటే, డికాషన్ పూర్తిగా చల్లారాక తేనె వేయమనడం. చల్లదనానికి తేనె ఇంకా చిక్కబడుతుంది, కరగనే కరగదు. అలాగని పొగలు కక్కే డికాషన్‌లోనూ వేయబుద్ధి కాలేదు. తేనె వేడి చేయకూడదని మా అమ్మ చెప్పేది. చరకసంహితలోనూ ఆ మాటే ఉంది. శాస్త్రం సంగతి అటుంచితే, వేడికి తేనె వాసన పోవడం నా ముక్కుకే తెలుస్తోంది. పంచదార పాకానికి లేని ఆ వాసన కోసమే కదా తేనె వేసుకునేది.

అందుకని మధ్యేమార్గం పట్టాను. ఫిల్టర్ పై గిన్నెలో మూడు పెద్ద చెంచాల పొడి వేసి, తెర్లిన నీళ్లు అరనిమిషం ఆగనిచ్చి పోశాను. చికోరీ, అంటే కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి, తక్కువున్నది మేలు. ఎక్కువైతే చల్లటి కాఫీలో అదొక మాడు చేదు నాలుక మీద నిలిచిపోతుంది. కింది గిన్నెలోకి దిగిన మొదటి డికాషన్‌ని గ్లాసులో పోసి, ఆ గ్లాసు చేత్తో హాయిగా పట్టుకోగలిగే వేడికొచ్చాక తేనె వేస్తే నాలుగు తిప్పుళ్లలో జాడ లేకుండా కలిసిపోయింది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత చల్లటి పాలలో పోసుకోవడమే. పాలు కాచి చల్లార్చి మీగడ తీసేయాలి, లేదంటే మీగడ తునకలు పెదవులకి తగిలి పిల్లలు గ్లాసు పక్కన పెట్టేస్తారు.

రెండో తప్పు ఆరు ఐసు ముక్కలు. మా విజయనగరంలో మే నెల మధ్యాహ్నం ఐసు ముక్క ఎంతసేపుంటుందో మీకు తెలియంది కాదు. సగం తాగేసరికి కాఫీ కడుగునీళ్లయిపోతుంది. రెండో డికాషన్‌ని ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించాను. ఆ ముక్కలు కరిగినా కాఫీయే. ఇది మా మనవరాలి ఐడియా, నా ఖాతాలో వేసుకోను.

తేనె కూడా రెండు చెంచాలు అక్కర్లేదు. తేనెలో ఉండే ఫ్రక్టోజు అనే చక్కెర చల్లగా ఉన్నప్పుడు మరింత తియ్యగా తెలుస్తుంది, అందువల్ల ఒకటిన్నర చెంచాతో సరిపోయింది. నేను వాడింది ఏజెన్సీ నుంచి వచ్చే అడవి తేనె. ముదురు రంగు, కాస్త వగరు. పొడి అరకుది. ఉద్యోగరీత్యా కొన్నాళ్లు అటువైపు పనిచేశాను. వేసవి తొలి వాన పడ్డ వారం పది రోజులకి కాఫీ తోటలు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద, మల్లెపూల వాసన. రెండు మూడు రోజులే ఉంటుంది ఆ పూత, ఆ మూడు రోజులూ తోటంతా తేనెటీగల మోత. ఆ పూలు చూసినవాడికి కాఫీలో తేనె వేయడం వింతగా అనిపించదు.

అసలు కోపం వచ్చింది మీ వంటకం చివరి వాక్యానికి. "పంచదార లేదు కనుక షుగర్ ఉన్నవారూ నిశ్చింతగా తాగవచ్చు" అని రాశారు. మా ఆవిడకి పన్నెండేళ్లుగా షుగర్. "ఏవండీ, పేపర్లోనే వేశారు" అని నా ప్రయోగాలన్నిటికీ రోజూ పెద్ద గ్లాసుతో సాయం పట్టింది. మామూలుగా భోజనమైన రెండు గంటలకి 160 దగ్గరుండే రీడింగు నాలుగో రోజు 214 చూపించింది. మిషన్ పాడైందనుకుని నా వేలు కూడా పొడిచి చూసుకున్నాం. మిషన్ బాగానే ఉంది. తేనెలో నూటికి దాదాపు 80 పాళ్లు చక్కెరలే, మిగతాది చాలావరకు నీళ్లు. పార్సిళ్లు తూచిన చెయ్యి కదా, ఊరుకోక అదీ తూచాను. తలకొట్టిన చెంచా పంచదార నాలుగు గ్రాములుంటే, అదే చెంచాతో తేనె ఏడు గ్రాములు తూగింది. అంటే చెంచాకి చెంచా లెక్కేస్తే కేలరీలు తేనెలోనే ఎక్కువ. డాక్టరుగారు మా ఆవిడని ఏమీ అనలేదు, చదువుకున్నవాళ్లు మీరెలా ఊరుకున్నారని నన్ను అన్నారు.

ఇంకొకటి. తేనె పసిపిల్లలకి కూడా మంచిదని అదే పేజీలో ఉంది. ఏడాది నిండని బిడ్డకి తేనె నాలుక మీద రాయడం కూడా వద్దని పిల్లల డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నారు. అందులో ఉండగల బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు పెద్దవాళ్లని ఏమీ చేయవు కానీ, పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి.

కాఫీ చెడినా ఫరవాలేదు, వంటన్నాక చెడుతుంది. కానీ ఈ రెండు వాక్యాలకీ సవరణ వేయండి. వంటకం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ఏడో పేజీ మూల చీమతలంత అక్షరాల్లో వేస్తే మా ఆవిడ కళ్లజోడుకి ఆనదు.

— విశ్రాంత పోస్టల్ ఉద్యోగి, విజయనగరం

తా.క.: మనవరాలు ఊరెళ్లిపోయింది. ట్రేలో మిగిలిన కాఫీ ముక్కల సంగతి నేను మరిచిపోయాను. నిన్న కరెంటు పోయిన చీకట్లో మా ఆవిడ వాటిని మామూలు ఐసు అనుకుని మజ్జిగలో వేసుకుంది. ఫిల్టర్ ప్రస్తుతం ఆవిడ అధీనంలో ఉంది.