ప్రధానోపాధ్యాయురాలి లేఖ: తొమ్మిదో తరగతి అడిగిన ప్రశ్న

తల్లిదండ్రులకు, పిల్లల్ని బడికి దించి వెళ్లే తాతయ్యలకు, అమ్మమ్మలకు నమస్కారం.

సమ్మేటివ్–1 పరీక్షల టైమ్‌టేబుల్ పిల్లల డైరీల్లో అంటించాం, చూసి సంతకం పెట్టండి. బస్సు ఫీజు గురించి ఆఫీసులో అడగండి. ఈ నెల నేను రాయాల్సింది వేరే ఉంది.

తొమ్మిదో తరగతి గదిలో జీవశాస్త్రం టీచరు ఒక అట్టపెట్టె పెట్టారు. నోటితో అడగడానికి మొహమాటపడే ప్రశ్నల్ని పేరు లేకుండా చీటీ మీద రాసి అందులో వేయొచ్చు. పోయిన వారం అందులో ఈ చీటీ వచ్చింది: "కెనడాలో గంజాయి లీగల్ కదా మేడమ్. అక్కడ బాధ్యతగా వాడుకుంటారంట. మరి మనకెందుకు తప్పు?" టీచరు దాన్ని నా దగ్గరికి తెచ్చారు. చేతిరాత పోల్చి చూస్తే ఎవరు రాశారో అరగంటలో తెలిసిపోతుంది. మేము పోల్చలేదు, పోల్చబోము. అడిగిన పిల్లవాడికో, పిల్లకో దొంగ ముద్ర వేస్తే రేపటి నుంచి ఆ పెట్టె ఖాళీగా ఉంటుంది. ప్రశ్న మాత్రం పోదు, సందు చివర సరుకు అమ్మేవాడి దగ్గరికి వెళుతుంది. వాడు జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధమే.

అందుకే ఆ ప్రశ్నకు జవాబు ముందుగా మీకు రాస్తున్నాను. ఇంట్లో మీరు చెప్పే మాట, బడిలో మేము చెప్పే మాట ఒకటిగా ఉండాలి.

కెనడా మాట నిజమే. 2018 అక్టోబరు 17 నుంచి అక్కడ పెద్దవాళ్లు గంజాయి కొనుక్కోవచ్చు. చాలా రాష్ట్రాల్లో 19 ఏళ్లు నిండాలి, క్విబెక్‌లో 21. అంటే మన తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ దేశంలో పుట్టినా వాడికి అది నిషేధమే. మరో సంగతి ఉంది. అక్కడ అమ్మే ప్రతి ప్యాకెట్ మీద మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ ఎంత ఉందో రాసి ఉండాలి. తినే వాటిలో ప్యాకెట్‌కు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. చిన్నపిల్లలు తెరవలేని మూత ఉండాలి. పెద్దవాళ్లకు కూడా వాళ్లు చెప్పే జాగ్రత్తలు ఇవి: కొద్దిగా మొదలుపెట్టాలి, మద్యంతో కలపకూడదు, బండి నడపకూడదు, గర్భిణులు, బాలింతలు ముట్టకూడదు, ఇంట్లో మానసిక వ్యాధి ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. ఈ జాగ్రత్తలన్నిటికీ ముందు ఎంత తీసుకుంటున్నామో తెలిసి ఉండాలి. మన ఊళ్లో న్యూస్‌పేపరు ముక్కలో చుట్టి చేతికిచ్చే పొట్లం మీద ఏ కొలతా ఉండదు. అందులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు. ఇక్కడి పిల్లవాడు "బాధ్యతగా వాడతాను" అంటే ఏ కొలతను నమ్ముకుని అంటాడు? ఆ చీటీకి నా మొదటి జవాబు ఇదే.

ఇక అసలు వస్తువు గురించి. పిల్లలు మనకంటే ఎక్కువ పేర్లు విన్నారు, కనుక మనకూ తెలియాలి. ఆడ మొక్క పూల గుత్తుల్ని ఎండబెడితే గంజాయి. మొక్క జిగురును నలిపి ముద్ద చేస్తే చరస్. దాన్నే ఇంకా చిక్కగా తీస్తే హ్యాష్ ఆయిల్, చిన్న సీసాలో పట్టే నల్లటి ద్రవం. ఇందులో టీహెచ్‌సీ మామూలు గంజాయి కంటే చాలా ఎక్కువ. ఆకుల్ని నూరితే భంగు. హోలీకి భంగు వేసి తండాయి పానీయం కలుపుకునే కుటుంబాలు మన బడిలోనూ ఉన్నాయి, వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ గ్లాసు పిల్లలకు అందే ఎత్తులో పెట్టకండి, అంతే. ఆయుర్వేదంలో ఈ మొక్కకు "విజయ" అని పేరు. మన విజయవాడ పేరులో సగం చూసి ఇదేదో ఇంటి మందు అనుకోవద్దు. వైద్యుడు చీటీ రాసి ఇచ్చే మందు వేరు, కొరియర్లో వచ్చే గంజాయి కలిపిన చాక్లెట్ వేరు. సీబీడీ అనే మరో పదార్థం ఈ మొక్కలోనే ఉంది. అది మత్తెక్కించదు. కొన్ని అరుదైన మూర్ఛ వ్యాధులకు సీబీడీ మందును అమెరికా 2018లో ఆమోదించింది. "గంజాయి మందే కదా" అని పిల్లలు వాదిస్తే ఈ తేడా చెప్పండి.

చాక్లెట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నాకు ఎక్కువ భయం వాటి గురించే. పొగ పీలిస్తే మత్తు నిమిషాల్లో తెలుస్తుంది, రెండు నుంచి నాలుగు గంటల్లో దిగుతుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. పిల్లవాడు ముక్క తింటాడు, ముప్పావుగంట చూస్తాడు, "ఏం లేదురా ఇందులో" అని ఇంకో ముక్క వేసుకుంటాడు. తర్వాత రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. పైగా తిన్న టీహెచ్‌సీని కాలేయం ఇంకా బలమైన రూపంలోకి మారుస్తుంది. ఆరు, ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు గుండె దడ, విపరీతమైన భయం, చచ్చిపోతున్నానన్న అనుమానం, వాంతులు. పెద్దవాళ్లకు ఇది సాధారణంగా ప్రాణం తీయదు. ఇంట్లో మూడేళ్ల చెల్లి ఆ మిగిలిన చాక్లెట్ నోట్లో వేసుకుంటే మాత్రం స్పృహ తప్పవచ్చు, ఊపిరి మందగించవచ్చు. అలాంటప్పుడు పరువు గురించి ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి, డాక్టరుకు ఏం తిన్నదో దాచకుండా చెప్పండి. దాస్తే డాక్టరు మెదడువాపు అనుకుని వేరే దారిలో వెతుకుతారు, సమయం పోతుంది.

మెదడులో ఏం జరుగుతుందో పదో తరగతి పిల్లలకు నేనే చెప్పబోతున్నాను. మన మెదడు సొంతంగా ఒక రసాయనం తయారు చేసుకుంటుంది. 1992లో దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తలు మన "ఆనందం" అనే మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. జ్ఞాపకం, ఆకలి, నిద్ర, భయం అన్నిటినీ అది తగుమాత్రంగా సర్దుతూ ఉంటుంది. టీహెచ్‌సీ వచ్చి దాని కుర్చీలో కూర్చుంటుంది, ఒక పట్టాన లేవదు. మెదడు ఎదుగుదల ఇంచుమించు 25 ఏళ్ల దాకా సాగుతుంది. ముందు చూపు, ఆవేశాన్ని ఆపుకోవడం నేర్పే ముందు భాగం అన్నిటికంటే ఆలస్యంగా పండుతుంది. ఆ పని నడుస్తుండగా రోజూ ఈ మత్తు పడితే చదివింది నిలవదు, లెక్క మధ్యలో తెగిపోతుంది. కొందరిలో లేని మాటలు వినపడటం, అందరూ తననే చూస్తున్నారన్న అనుమానం మొదలవుతాయి. వంశంలో అలాంటి జబ్బు ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ. కౌమారంలో మొదలుపెట్టినవాళ్లలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరు దాన్ని వదల్లేని స్థితికి వెళతారు.

ఒక్కసారి పీల్చినవాడికి పిచ్చెక్కుతుందని మాత్రం పిల్లలకు చెప్పకండి. వాళ్లు ఎక్కడో ఒకచోట ఒక్కసారి పీల్చి మామూలుగా తిరుగుతున్నవాణ్ని చూసే ఉంటారు. ఆ ఒక్క మాట అబద్ధమని తేలితే, మనం చెప్పిన నిజాలు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి.

చట్టం విషయంలో పిల్లల్లో ఒక పుకారు ఉంది: "కిలో లోపు అయితే కేసు ఉండదు." ఇది తప్పు. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో కిలో లోపు "చిన్న పరిమాణం" అన్నారు, అనుమతి అనలేదు. దానికి ఏడాది దాకా కఠిన జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తాగినందుకు ఆరు నెలల దాకా. 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్ల నుంచే మొదలు. 18 ఏళ్ల లోపు వారిని బాలల న్యాయ మండలి ముందుకు తీసుకెళతారు. నాకు ఇంకా కలవరం కలిగించేది మరొకటి. మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి బయల్దేరే సరుకు దక్షిణానికి పోవాలంటే రైలైనా, హైవే అయినా ఎక్కువగా మన బెజవాడ మీదుగానే. "ఈ బ్యాగు బస్టాండులో అన్నకి ఇచ్చిరా, ఐదొందలిస్తా" అనే మాటకు పదిహేనేళ్లవాడు తేలిగ్గా పడిపోతాడు. పిల్లలతో ఇలా మోయించేవాళ్లకు 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. ఎవరైనా మీ పిల్లవాడికి ఇలాంటి పని చెబితే, సాయంగా ఉన్నది చట్టమే అని వాడికి తెలియాలి.

"మా వాడు గంజాయి వనంలో తులసి మొక్కండీ, స్నేహితులే మంచివాళ్లు కాదు." ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ మాట ఎంతమంది నోట విన్నానో. ఆ స్నేహితుడి అమ్మ కూడా మరుసటి రోజు వచ్చి ఇదే మాట అంటుంది. ఎవరింటి తులసి వారికి తులసే. దయచేసి ఆ సామెతను కాసేపు పక్కన పెట్టి పిల్లవాడి వైపు చూడండి. కళ్లు ఎర్రబడటం ఒక్కటే చూసి నిర్ధారించకండి. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసినా ఎర్రబడతాయి. పాత స్నేహితులు ఒక్కసారిగా మాయమవడం, ఇష్టమైన క్రికెట్ మానేయడం, డబ్బుకు లెక్క చెప్పకపోవడం, జేబులో కంటి చుక్కల మందు, చుట్టుకునే పల్చటి కాగితాలు, వేళ కాని వేళ రాక్షసాకలి, ఇవి కొన్ని కలిసి వారాల తరబడి కనిపిస్తే కూర్చుని అడగండి. బ్యాగు వెతకడం కంటే ముందు అడగండి.

ఇరవై ఏళ్ల కిందట నేను మరో బడిలో పదో తరగతి క్లాస్ టీచరుగా ఉన్నాను. ఒక అబ్బాయి బ్యాగులో పొట్లం దొరికింది. సాయంత్రానికల్లా టీసీ తయారైంది, నేనూ సంతకం పెట్టాను. వాళ్లమ్మ వరండాలో నన్ను ఆపి, "మేడమ్, వీణ్ని ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్లను?" అని అడిగింది. నాకు తెలియదు. తెలుసుకుని చెబుతానని కూడా అనలేదు. హాజరు పట్టీలో ఆ పేరు మీద ఎర్ర గీత గీసింది నా చెయ్యే. ఆ తర్వాత ఆ అబ్బాయి ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ పొట్లం కాదు, ఆ ప్రశ్న.

ఇప్పుడు జవాబు ఉంది, రాసి పెట్టుకోండి. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. వ్యసన విముక్తి సలహాకు 14446, మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416, పిల్లల కోసం 1098. అమ్మేవాళ్ల గురించి చెప్పడానికి ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఈగల్ విభాగం 1972. వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, తాగినందుకో చిన్న పరిమాణం దొరికినందుకో పెట్టిన కేసు నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్, 64ఎ, అదే చట్టంలో ఉంది. చికిత్స అంటే గదిలో పెట్టి తాళం వేయడం కాదు. మానేసిన మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం ఉంటాయి. చాలామందికి రెండు వారాల్లో తగ్గుతాయి. ఆ రోజుల్లో వాడు కసురుకుంటే తిరిగి కసరకండి. మజ్జిగన్నం కలిపి పక్కన పెట్టి కూర్చోండి.

మన బడి సంగతి కూడా రాతపూర్వకంగా ఇస్తున్నాను. తన గురించి తానే వచ్చి చెప్పిన పిల్లల్ని, లేక మీరు తీసుకొచ్చిన పిల్లల్ని ఈ బడి నుంచి పంపించం. పరీక్షలు రాయనిస్తాం. ఆ విషయం నాకు, కౌన్సిలర్‌కు, మీకు తప్ప స్టాఫ్‌రూమ్‌లో కూడా తెలియదు. తోటి పిల్లలకు అమ్మినట్టు తేలితే మాత్రం నేను పోలీసులకు చెప్పాల్సి వస్తుంది, ఆ పని మీకు తెలియకుండా చేయను.

ఈ నెల మూడో శనివారం సాయంత్రం నాలుగింటికి మేడ మీద హాల్లో ఒక మానసిక వైద్యురాలు మీతో మాట్లాడతారు. వీలైతే అమ్మా నాన్నా ఇద్దరూ రండి. దుకాణం మూయలేని వాళ్ల కోసం ఆదివారం ఉదయం పదింటికి మళ్లీ ఉంటుంది. తొమ్మిదో తరగతి అట్టపెట్టెను ఆ రెండు రోజులూ గేటు పక్కన మీకోసం పెడతాం. పేరు రాయనక్కర్లేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ